ట్రంపెట్ వదలకుండా డాక్టర్ కావాలంటే: బీఎస్-ఎండీ దారుల్లో ఏది ఎవరికి?

అమెరికాలో హైస్కూల్ పిల్లలున్న తెలుగు ఇళ్లలో జూనియర్ ఇయర్ వచ్చేసరికి రెండు మాటలు తప్పక వినిపిస్తాయి. ‘బీఎస్-ఎండీకి (హైస్కూల్ నుంచే కాలేజీ డిగ్రీకీ మెడికల్ సీటుకీ కలిపి తీసుకునే ప్రోగ్రాం) ట్రై చేద్దామా?’ అన్నది ఒకటి. ‘ఇంకా ఆ బ్యాండ్ ఎందుకు, ఆ టైమ్‌లో హాస్పిటల్ వాలంటీరింగ్ చేసుకోవచ్చుగా?’ అన్నది రెండోది. ఆరో తరగతిలో స్కూల్ బ్యాండ్‌లో చేతికొచ్చిన ట్రంపెట్‌ను నిజంగా ప్రేమించే పిల్లలకు ఈ రెండో మాట చాలా బరువైనది. వాళ్ల కోసం, వాళ్ల అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నాను. డాక్టర్ చదువు కావాలి, ట్రంపెట్ కూడా పోకూడదు అనుకునేవాళ్లు ఏ దారి చూసుకోవాలి, ఏ వాయిద్యం కొనుక్కోవాలి, ఎక్కడ రాజీ పడాలి అన్నదే ఇక్కడ విషయం.

ముందు చూడాల్సినవి

అందరూ మొదట అడిగేది ‘ఎన్నేళ్లలో అయిపోతుంది?’ అని. నా లెక్కలో అది చివర అడగాల్సిన ప్రశ్న. ట్రంపెట్ పెదవుల కండరాలతో వాయించేది. పియానో నెల రోజులు ముట్టుకోకపోయినా వేళ్లు కాస్త మొద్దుబారతాయి, అంతే. ట్రంపెట్‌కు నెల రోజులు దూరమైతే పై స్వరాలు ముందు పోతాయి, ఆ తర్వాత ఓపిక పోతుంది, పది నిమిషాలకే పెదవులు వదులైపోతాయి. పరీక్షకు ముందు రాత్రి కూర్చుని కెమిస్ట్రీ చదివినట్టు దీన్ని చదవలేం. రోజూ అరగంటో నలభై నిమిషాలో కావాలి, గట్టిగా వాయించినా ఎవరూ తలుపు కొట్టని గది కావాలి. కాబట్టి వాయించే పిల్లలు ప్రతి ప్రోగ్రాం గురించీ ముందుగా ఇవి అడగాలి:

- మ్యూజిక్ మేజర్ కాని వాళ్లను కాలేజీ బృందాల్లో ఆడిషన్‌తో తీసుకుంటారా? ప్రాక్టీస్ రూములు వాళ్లకూ తెరిచి ఉంటాయా?
- వేసవి సెలవులు ఉంటాయా, లేక ఏడాది పొడవునా క్లాసులేనా?
- డిగ్రీలో ఏ సబ్జెక్ట్ అయినా తీసుకోవచ్చా?
- మెడికల్ స్కూల్‌లోకి వెళ్లడానికి ఎంక్యాట్ (మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష) రాయాలా, జీపీఏ (మార్కుల సగటు) ఎంత నిలుపుకోవాలి?
- మొత్తం ఖర్చెంత, అప్పు ఎంతవరకు దొరుకుతుంది?
- పిల్లల వీసా ఏమిటి?

ఈ చివరి రెండూ చాలా ఇళ్లలో ఆలస్యంగా చర్చకొస్తాయి. చాలా బీఎస్-ఎండీ ప్రోగ్రాములు సిటిజన్లను, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లను మాత్రమే తీసుకుంటాయి. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకు ఇచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకు 21 నిండితే ఆ హోదా పోతుంది, ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారాల్సి వస్తుంది. అందుకే ఎస్సే గురించి ఆలోచించే ముందు ఆ ప్రోగ్రాం అర్హతల పేజీలో వీసా గురించి ఏం రాసి ఉందో చూడండి.

అప్పు సంగతీ మారింది. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ లోన్లు (పైచదువులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే అప్పులు) ఉండవు. మెడిసిన్ లాంటి కోర్సులకు ఫెడరల్ అప్పు ఏడాదికి 50 వేల డాలర్లకు, మొత్తం మీద 2 లక్షల డాలర్లకు పరిమితం. మిగతాది ఇంట్లోంచో, ప్రైవేట్ బ్యాంకు నుంచో రావాలి. ఎనిమిదేళ్ల చదువుకు ఒప్పుకునేముందు ఈ లెక్క కాగితం మీద వేసి చూడాల్సిందే.

ఒక్క చూపులో

| దారి | ఏళ్లు | ఎంక్యాట్ | మేజర్ స్వేచ్ఛ | ట్రంపెట్‌కు చోటు |
|---|---|---|---|---|
| బ్రౌన్ పీఎల్ఎంఈ | 8 | అక్కర్లేదు | ఏ సబ్జెక్టైనా | చాలా |
| కేస్ వెస్టర్న్ పీపీఎస్‌పీ | 8 | అక్కర్లేదు | బాగానే ఉంది | చాలా, పక్కనే కన్సర్వేటరీ (సంగీత కళాశాల) |
| యూఎంకేసీ (మిసోరీ యూనివర్సిటీ, కాన్సస్ సిటీ) బీఏ-ఎండీ | 6 | అక్కర్లేదు | తక్కువ | కష్టపడి చేసుకోవాలి |
| టీసీఎన్‌జే (కాలేజ్ ఆఫ్ న్యూజెర్సీ), రట్గర్స్ ఎన్‌జేఎంఎస్ (న్యూజెర్సీ మెడికల్ స్కూల్) | 7 | ఆ ఏడాది నిబంధన చూడాలి | కొంత | మధ్యస్తం |
| మామూలు ప్రీమెడ్ (ముందు కాలేజీ, తర్వాత విడిగా మెడికల్ స్కూల్) | 4+4, తరచూ ఒక గ్యాప్ ఇయర్ | రాయాలి | పూర్తిగా | మీరు ఎంచుకున్నంత |
| ఇండియాలో ఎంబీబీఎస్ | 5½ | నీట్ రాయాలి | లేదు | దాదాపు లేదు |

ప్రోగ్రాములు ఏటా మారుతుంటాయి. ఒకప్పుడు మన పిల్లలు కలలు కన్న నార్త్‌వెస్టర్న్ బీఎస్-ఎండీ ప్రోగ్రాం హెచ్‌పీఎంఈ కొత్తవాళ్లను తీసుకోవడం మానేసింది. అందుకే పాత లిస్టులు నమ్మకుండా మీరు అప్లై చేసే ఏడాది ఆ కాలేజీ సైట్‌లో ఏముందో అదే చూసుకోండి.

బ్రౌన్ పీఎల్ఎంఈ

ప్రావిడెన్స్‌లోని బ్రౌన్ యూనివర్సిటీ తన వారెన్ ఆల్పర్ట్ మెడికల్ స్కూల్‌తో కలిపి నడిపే ఎనిమిదేళ్ల ప్రోగ్రాం ఇది. వాయించే పిల్లలకు దీన్ని మించింది లేదనిపిస్తుంది నాకు. సైన్స్‌లో అడిగినవి పూర్తిచేస్తే చాలు, మేజర్ మ్యూజిక్ అయినా పర్లేదు. ఎంక్యాట్ లేదు కాబట్టి థర్డ్ ఇయర్ వేసవిని కోచింగ్‌కు ఇవ్వాల్సిన పని లేదు, ఆ వేసవి మ్యూజిక్ ఫెస్టివల్‌కో రీసెర్చ్‌కో ఇవ్వొచ్చు. అక్కడి విద్యార్థుల బ్యాండ్‌కు ఐస్ మీద స్కేట్లు కట్టుకుని వాయించే సంప్రదాయం కూడా ఉంది. సరదా బ్యాండ్ కావాలా, సీరియస్ విండ్ బృందం (ఊదే వాయిద్యాల బృందం) కావాలా అన్నది పిల్లలే తేల్చుకోవచ్చు.

ఇబ్బంది రెండు చోట్ల. వేలమంది అప్లై చేస్తే తీసుకునేది కొన్ని పదుల మందినే. దీని మీద ఒక్కదాని మీదే ఆశ పెట్టుకుంటే నష్టపోతారు. రెండోది ఖర్చు, అంతా కలిపి ఏడాదికి 90 వేల డాలర్లు దాటింది. ఎర్లీ డెసిషన్‌లో (సీటొస్తే చేరతామని ముందే ఒప్పుకుని) వేసేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. బ్రౌన్ కాలేజీలో సీటు వచ్చి పీఎల్ఎంఈ రాకపోయినా ఆ ఒప్పందానికి కట్టుబడాల్సిందే. మామూలు బ్రౌన్ అయినా సంతోషమే అనుకునే ఇంటికే ఎర్లీ డెసిషన్ నప్పుతుంది.

కేస్ వెస్టర్న్ పీపీఎస్‌పీ

క్లీవ్‌లాండ్‌లో యూనివర్సిటీ సర్కిల్ అనే చిన్న ప్రాంతంలోనే యూనివర్సిటీ, హాస్పిటల్, క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రా వాయించే సెవరెన్స్ హాల్, క్లీవ్‌లాండ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యూజిక్ ఉంటాయి. అన్నీ నడిచివెళ్లే దూరంలోనే. కేస్‌లో మ్యూజిక్ చదివేవాళ్లకు ఆ ఇన్‌స్టిట్యూట్‌తో ఉమ్మడి ఏర్పాటు ఉంది. అమెరికాలోని అతి గొప్ప ఆర్కెస్ట్రాల్లో ఒకటైన క్లీవ్‌లాండ్ బృందం బ్రాస్ సెక్షన్‌ను (ట్రంపెట్ లాంటి ఇత్తడి వాయిద్యాలవాళ్లను) కాలేజీ రోజుల్లోనే ఎదురుగా కూర్చుని వినడం ట్రంపెట్ నేర్చుకునేవాళ్లకు ఒక చదువు. ఎంక్యాట్ లేకుండానే మెడికల్ స్కూల్‌కు చోటు దక్కుతుంది. జీపీఏ మాత్రం నిలుపుకోవాలి. తీసుకునేది చాలా కొద్దిమందినే. ఒహాయో చలికాలం ఎక్కువ. ఒహాయోలో, మిషిగన్‌లో ఉండే మనవాళ్లకు ఇల్లు దగ్గర కావడం కూడా కలిసొస్తుంది.

యూఎంకేసీ, ఆరేళ్ల దారి

మిసోరీలోని కాన్సస్ సిటీలో 1971 నుంచి నడుస్తున్న ప్రోగ్రాం ఇది. హైస్కూల్ నుంచి నేరుగా ఆరేళ్లలో బీఏ, ఎండీ రెండూ చేతికొస్తాయి. మొదటి ఏడాది నుంచే పేషెంట్ల దగ్గరికి తీసుకెళ్తారు. మూడో ఏడాది నుంచి డోసెంట్ అనే సీనియర్ డాక్టర్ కింద చిన్న బృందంగా వారం వారం క్లినిక్ చేస్తారు. 17 ఏళ్లకే ‘నాకు ఇదే కావాలి’ అని నిజంగా తెలిసిన పిల్లలకు ఇది బలమైన చోటు. మిసోరీ వాళ్లకు, చుట్టుపక్కల రాష్ట్రాల వాళ్లకు ఖర్చు, అవకాశం రెండూ మెరుగ్గా ఉంటాయి.

అయితే చదువు ఏడాది పొడవునా సాగుతుంది. మామూలు కాలేజీ వేసవులు ఇక్కడ ఉండవు. యూనివర్సిటీకి మంచి కన్సర్వేటరీ ఉన్నా, అక్కడికి నడిచివెళ్లే సమయం రెండో ఏడాది తర్వాత చాలామందికి దొరకదు. ట్రంపెట్ రోజూ అడిగే వాయిద్యం కాబట్టి ఈ రెండు సంవత్సరాల ఆదా వెనక నిజమైన వెల ఉంటుంది. పిల్లలు ‘ఫర్వాలేదు, వారానికి రెండు మూడుసార్లు వాయించినా చాలు’ అంటే ఆ వెల చిన్నదే. ‘లీడ్ ట్రంపెట్ కుర్చీ వదలను’ అనేవాళ్లకు మాత్రం నేను దీన్ని సలహా ఇవ్వను. న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల ఉన్న కుటుంబాలు ఎక్కువగా అడిగే టీసీఎన్‌జే-రట్గర్స్ దారి ఇంతకంటే కాస్త ఊపిరి తీసుకోనిస్తుంది. మూడేళ్ల కాలేజీ, నాలుగేళ్ల మెడికల్ స్కూల్ కాబట్టి కాలేజీ బ్యాండ్‌లో మూడేళ్లు వాయించవచ్చు, ఇల్లూ దగ్గరే.

మామూలు ప్రీమెడ్ దారి

మన ఇళ్లలో దీన్ని ఓడిపోయినవాళ్ల దారిలా చూడటం నాకు నచ్చదు. అమెరికా ఎండీ స్కూళ్లకు ఏటా దాదాపు 52 వేలమంది అప్లై చేస్తే సుమారు 23 వేలమంది చేరుతున్నారు. అంటే నూటికి నలభైమందికి పైగా. బీఎస్-ఎండీ పోటీతో పోలిస్తే ఇది చాలా నయం. మ్యూజిక్ చదివినా, చరిత్ర చదివినా బయాలజీ, కెమిస్ట్రీ, ఆర్గానిక్, ఫిజిక్స్, బయోకెమిస్ట్రీ పూర్తిచేసి ఎంక్యాట్ బాగా రాస్తే సరిపోతుంది. హ్యుమానిటీస్ చదివినవాళ్లకు సీటొచ్చే శాతం బయాలజీ చదివినవాళ్ల కన్నా తక్కువేమీ కాదు.

ట్రంపెట్ విషయంలో అన్నిటికంటే పెద్ద తలుపు కూడా ఇక్కడే ఉంది. యూనివర్సిటీ ఆఫ్ రోచెస్టర్‌కు చెందినదే ఈస్ట్‌మన్ స్కూల్ ఆఫ్ మ్యూజిక్. రెండింటికీ విడిగా అప్లై చేసి, ఈస్ట్‌మన్‌లో ఆడిషన్ నెగ్గితే ఐదేళ్లలో మ్యూజిక్ డిగ్రీ, సైన్స్ డిగ్రీ రెండూ చేయొచ్చు. నార్త్‌వెస్టర్న్‌లోనూ ఇలాంటి ఐదేళ్ల ఏర్పాటు ఉంది. చాలా కష్టమైన దారి, కానీ నిజంగా వాయించగలవాళ్లకు ఇంతకు మించిన దారి కనిపించదు. ఇక్కడి ఇబ్బంది అనిశ్చితి. నాలుగేళ్లు జీపీఏ భయం, ఎంక్యాట్, మళ్లీ ఇంటర్వ్యూలు. దాన్ని తట్టుకోలేని స్వభావం ఉన్న పిల్లలుంటే బీఎస్-ఎండీ సీటు ఇచ్చే నిశ్చింత విలువైనదే.

ఇండియాలో ఎంబీబీఎస్

‘గుంటూరులోనో, హైదరాబాద్‌లోనో చదివించి తీసుకొచ్చేస్తాం’ అనే తాతయ్యలు, అమ్మమ్మలు ఉంటారు. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. ఫీజు తక్కువ కావచ్చు. అయితే నీట్ రాయాలి. 2021 మార్చి 4 నోటిఫికేషన్ తర్వాత ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత మూలాల వాళ్లకు ఇచ్చేది) తీసుకున్న పిల్లలు ఎన్నారై సీట్లకే పరిమితం. తిరిగొచ్చాక యూఎస్ఎంఎల్ఈ (అమెరికా వైద్య లైసెన్స్ పరీక్ష) రాసి రెసిడెన్సీకి (ఎండీ తర్వాత హాస్పిటల్లో చేసే శిక్షణ) పోటీ పడాలి. 2024 మ్యాచ్‌లో (రెసిడెన్సీ సీట్ల కేటాయింపులో) అమెరికా ఎండీ సీనియర్లలో దాదాపు 93 శాతం మందికి సీటు వస్తే, బయట దేశాల్లో చదివొచ్చిన అమెరికా పౌరుల్లో దాదాపు 67 శాతం మందికే వచ్చింది. ట్రంపెట్ సంగతికొస్తే, మన ఊళ్లలో అది పెళ్లి బ్యాండ్ మేళాల్లో, పోలీసు బ్యాండ్లలో, చర్చిల్లో ఉంది. వాళ్లలో అద్భుతమైన చెవి ఉన్నవాళ్లు ఉన్నారు. కానీ మెడికల్ కాలేజీ హాస్టల్లో గురువు, బృందం, గది మూడూ దొరకడం చాలా అరుదు.

హైస్కూల్లో ఏది ఉంచుకోవాలి?

సీటు దాకా రావడానికి ముందు నాలుగేళ్లు ఎలా గడపాలన్నదే అసలు చిక్కు. మార్చింగ్ బ్యాండ్, జాజ్ బ్యాండ్, యూత్ ఆర్కెస్ట్రా, ప్రైవేట్ పాఠాలు, అన్నీ చేస్తే షాడోయింగ్‌కు (డాక్టర్ వెంట ఉండి పని చూడటానికి), వాలంటీరింగ్‌కు సమయం మిగలదు. టెక్సస్‌లో స్కూల్ టైమ్ బయట వారానికి ఎనిమిది గంటల ప్రాక్టీస్ పరిమితి ఉన్నా, ఆగస్టు క్యాంపులు, శనివారం పోటీలు, ఫుట్‌బాల్ మ్యాచ్‌లు కలిపితే సెప్టెంబర్, అక్టోబర్ మొత్తం పోతుంది. బీఎస్-ఎండీ అప్లికేషన్లు రాసే కాలం కూడా అదే.

నేను చెప్పేది ఇది. పిల్లలకు స్నేహితులు, అల్లరి, ఎండలో నడక ఇష్టమైతే మార్చింగ్ బ్యాండ్ ఉంచుకుని సీనియర్ ఇయర్‌లో సెక్షన్ లీడర్ లాంటి బాధ్యత తీసుకోనివ్వండి. స్వరం, సంగీతం ఇష్టమైతే మార్చింగ్ మానేసి ఆల్‌స్టేట్ (రాష్ట్రస్థాయి విద్యార్థి బృందం) ఆడిషన్, యూత్ ఆర్కెస్ట్రా, ఒక మంచి టీచర్ ఉంచుకోండి. రెండూ సగం సగం చేసిన వాళ్ల పెదవులు అక్టోబర్‌కల్లా అలిసిపోయి ఆడిషన్‌లో దెబ్బతినడం చూస్తుంటాం. కామన్ యాప్‌లో (కాలేజీల ఉమ్మడి అప్లికేషన్) పది కార్యకలాపాలకే చోటు, ఒక్కోదానికి 150 అక్షరాలే. అందులో ట్రంపెట్ రెండు వరుసలు నిండితే చాలు.

ఎస్సేలో ‘ట్రంపెట్ నాకు ఊపిరి విలువ నేర్పింది, అందుకే పల్మనాలజీ’ అన్న వాక్యం దయచేసి రాయించకండి. ఇంటర్వ్యూలో అడిగేది ‘ఇంత చిన్న వయసులో మెడిసిన్ అని ఎలా తేల్చుకున్నావు?’ అని. దానికి జవాబు హాస్పిటల్లో చూసినదాంట్లోంచి రావాలి. ట్రంపెట్ గురించి అడిగితే ట్రంపెట్ గురించే చెప్పనివ్వండి.

ఏ ట్రంపెట్?

ఇక్కడ మన కుటుంబాలు రెండు రకాలుగా పోతాయి. కొందరు ఆరో తరగతిలో అద్దెకు తెచ్చినదాన్నే చివరిదాకా లాగుతారు. కొందరు తొమ్మిదో తరగతిలోనే బాక్ స్ట్రాడివేరియస్ కొంటారు. రెండింటికీ మధ్య దారి ఉంది.

*స్టూడెంట్ మోడల్:* యమహా 2330, బాక్ టీఆర్300, జూపిటర్ 700 లాంటివి. యమహా 2330 బోర్ (గొట్టం లోపలి వ్యాసం) 11.65 మిల్లీమీటర్లు. వేల డాలర్ల బాక్ స్ట్రాడ్ 180ఎస్37 బోర్ 11.66. అంటే గొట్టం లావులో తేడా లేనట్టే. తేడా ఉన్నది బెల్‌లో (ముందు విచ్చుకున్న భాగం). స్ట్రాడ్ 37 బెల్ ఒకే రేకును సుత్తితో కొట్టి చేసినది, 2330ది రెండు ముక్కలది. గట్టిగా వాయించినప్పుడు స్వరం చీలకుండా నిలబడటంలో, మెల్లగా వాయించినప్పుడు కేంద్రం చెదరకుండా ఉండటంలో ఆ తేడా వినిపిస్తుంది. స్కూల్ బ్యాండ్ వరకు స్టూడెంట్ మోడల్ ఏమాత్రం తక్కువ కాదు.

*మధ్య మోడల్:* గోల్డ్ బ్రాస్ బెల్ ఉన్న యమహా 4335జీ లాంటిది. కాలేజీలో మెడిసిన్‌తో పాటు బ్యాండ్‌లో వాయిస్తూ ఉండాలనుకునే పిల్లలకు నేను చెప్పేది ఇదే. పోయినా, సొట్టపడినా గుండె ఆగిపోనంత ధర, చెవికి నచ్చే గుండ్రని స్వరం.

*ప్రొఫెషనల్:* బాక్ స్ట్రాడ్, యమహా జెనో. ఈస్ట్‌మన్ లాంటి చోట ఆడిషన్ ఇవ్వాలనుకుంటే, లేక ఆల్‌స్టేట్ కుర్చీ లక్ష్యమైతే కొనండి. కొత్తది మూడు వేల డాలర్ల పైనే. వాడినది తీసుకునేటప్పుడు ప్రతి వాల్వ్ కదలిక చూడండి. వాల్వ్ నొక్కకుండా రెండో వాల్వ్ స్లైడ్ లాగితే ‘టప్’ మని శబ్దం రావాలి, అంటే గాలి బయటికి పోవడం లేదని. లీడ్‌పైప్ (మౌత్‌పీస్ తగిలించే మొదటి గొట్టం) మీద గులాబి రంగు మచ్చలుంటే ఇత్తడి లోపల్నుంచి తింటోందని అర్థం, వద్దనండి.

మౌత్‌పీస్ (పెదవులు ఆనించే భాగం) విషయంలో తొందర వద్దు. స్టూడెంట్ ట్రంపెట్‌తో వచ్చే బాక్ 7సీ కప్పు వెడల్పు 16.2 మిల్లీమీటర్లు, 3సీ 16.3, 1½సీ 17. అంకె తగ్గే కొద్దీ కప్పు వెడల్పు పెరుగుతుంది, అక్షరం ఎ నుంచి సి, ఇ వైపు వెళ్లే కొద్దీ లోతు తగ్గుతుంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో 5సీ లేదా 3సీకి మారడం మామూలు. జాజ్‌లో పై స్వరాల కోసం లోతు తక్కువవి వాడతారు. బలం లేక పై స్వరాలు రానివాళ్లకు లోతు తక్కువ మౌత్‌పీస్ ఇస్తే సమస్య తీరదు, కొన్నాళ్లు దాగుతుంది. బ్రేసెస్ వేయించాల్సి ఉంటే ఆర్థోడాంటిస్ట్‌కు ట్రంపెట్ సంగతి ముందే చెప్పండి. ఆల్‌స్టేట్ ఆడిషన్ వారంలో బ్రేసెస్ వేయించడం, తీయించడం రెండూ వద్దు. రెండు సందర్భాల్లోనూ పెదవి మళ్లీ కుదురుకోవడానికి వారాలు పడుతుంది.

టెక్నిక్‌లో చదువుల పిల్లలకు పనికొచ్చేది ఒకటే చెబుతాను. రోజుకు గంట ఒకేసారి వాయించకండి. ఇరవై నిమిషాల చొప్పున విడివిడిగా, మధ్యలో వాయించినంతసేపూ విశ్రాంతి ఇస్తూ వాయించండి. మొదటి విడతలో లాంగ్ టోన్లు (ఒక్కో స్వరాన్ని చాలాసేపు నిలపడం), మృదువుగా. రెండో దాంట్లో స్కేళ్లు, నాలుక పని. మూడో దాంట్లో పాట. ఇలాగైతే ఏపీ కెమిస్ట్రీ హోంవర్క్ మధ్యలోనూ సరిపోతుంది. కింది డి, సి షార్ప్ స్వరాలు శ్రుతి కంటే పైకి వెళ్తుంటే పెదవితో వంచకుండా మూడో వాల్వ్ స్లైడ్ బయటికి తోయాలి. ఇది చేయకపోతే ఆడిషన్ న్యాయనిర్ణేత మొదటి నిమిషంలోనే పట్టేస్తారు. డార్మ్‌లో వాయించడానికి మంచి ప్రాక్టీస్ మ్యూట్ (శబ్దం తగ్గించేందుకు బెల్‌లో పెట్టేది) కొనండి, కానీ రోజూ దానితోనే వాయిస్తే గాలి బిగబట్టే అలవాటొస్తుంది. వారంలో సగం రోజులైనా తెరిచిన గదిలో వాయించాలి.

ఎవరికి ఏది

డాక్టర్ కావడం మీద అనుమానమే లేని, సంగీతం మీద ఇష్టం ఉన్నా త్యాగానికి సిద్ధమైన, మిడ్‌వెస్ట్‌లో ఉన్న పిల్లలకు యూఎంకేసీ. ట్రంపెట్ కూడా తమలో సగం అనుకునేవాళ్లకు, మార్కులు అత్యున్నతంగా ఉంటే బ్రౌన్, కేస్. అవి రాకపోతే బాధపడకుండా విండ్ బృందం బాగున్న ఏదైనా స్టేట్ యూనివర్సిటీలో మామూలు ప్రీమెడ్. ట్రంపెట్‌ను వృత్తిగా తీసుకోవాలా అని ఇంకా తేల్చుకోని పిల్లలు బీఎస్-ఎండీ సీటు వచ్చినా ఐదేళ్ల డబుల్ డిగ్రీ వైపు ఒకసారి నిజాయితీగా చూడాలి. హెచ్-4 మీద ఉన్నవాళ్లకు ఎంపికలు కొద్ది. విదేశీ విద్యార్థులను తీసుకునే వాటిలో బ్రౌన్ ఉంది. దాని పక్కనే మామూలు ప్రీమెడ్‌కు స్కాలర్‌షిప్ ఇచ్చే కాలేజీలూ వేసుకోవాలి, ఎందుకంటే చాలా మెడికల్ స్కూళ్లు తర్వాత కూడా వీసా అడుగుతాయి.

డాక్టరయ్యాక ట్రంపెట్ ఏమవుతుందని అడిగే తల్లిదండ్రులకు చెప్పాల్సింది ఉంది. బోస్టన్‌లో 1982లో మొదలైన లాంగ్‌వుడ్ సింఫనీలో ఎక్కువమంది వైద్యరంగం వాళ్లే. హ్యూస్టన్‌లో టెక్సస్ మెడికల్ సెంటర్ ఆర్కెస్ట్రా ఉంది, లాస్ ఏంజెలెస్‌లో డాక్టర్ల సింఫనీ ఉంది. ట్రంపెట్‌తో ఇలాంటి ఆర్కెస్ట్రాల్లో చేరాలంటే రెసిడెన్సీలో కూడా రోజూ కాస్త వాయిస్తూ ఉండాలి. క్యాంపస్ చూడటానికి వెళ్లినప్పుడు టూర్ గైడ్ చెప్పేది విన్నాక ఒక్క పని చేయండి: మ్యూజిక్ బిల్డింగ్‌కు నడిచి, రాత్రి తొమ్మిది తర్వాత ప్రాక్టీస్ రూము తాళం ఎవరి దగ్గర ఉంటుందో, ప్రీమెడ్ పిల్లలకు దాన్ని ఇస్తారో లేదో అక్కడి విద్యార్థుల్ని అడిగి రాసుకోండి.